గంటన్నర వెనక నడిచిన గడియారం

"ఒకటీ నాలుగు." సర్కిల్ ఇన్‌స్పెక్టర్ లింబాద్రి కంప్యూటర్ తెర మూలనున్న అంకెల మీద లాఠీ కొస ఆనించాడు. "శుక్రవారం, సెప్టెంబర్ ముప్పై. మధ్యాహ్నం ఒకటీ నాలుగుకు నీ టవేరా బండి రుద్రంగి అవుతల మోరీ వంతెన దాటింది. రెండు ముప్పై ఆరుకు ప్రేమ్‌కుమార్ అదే మోరీ కాడ సచ్చిండు. నడుమల గంటన్నర. ఆ గంటన్నరల నువ్వు కోరుట్లకు వోయి, కెమెరా చిప్పు తీసి జేబుల ఏస్కొని, మల్ల ఎనుకకు వచ్చి గుద్దినవ్. అంతేనా?"

"నేను ఎనుకకు రాలే సార్." ఏసయ్య తల ఎత్తలేదు. "కోరుట్లల బండి పెట్టి ఇంటికి వోయిన."

"చూసినోళ్ళు?"

"ఎవ్వలు లేరు సార్. బిడ్డ కరీంనగర్ల నర్సింగు సదువుతది. ఇంట్ల నేనొక్కన్నే."

గోడ పక్క బల్ల మీద కూర్చుని ప్రవళిక వింటోంది. జగిత్యాలలో తండ్రి స్టూడియోలో పదిహేనేళ్ళు పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసిన మనిషి ఆమె. అయిదేళ్ళుగా డిటెక్టివ్ పని చేస్తోంది. వచ్చే కేసుల్లో సగం గల్ఫ్ పెళ్ళికొడుకుల మంచిచెడులు ఆరా తీయడమే. హత్య కేసు చేతికి రావడం ఇదే మొదలు. ఏసయ్య కూతురు దీవెన నిన్న ఆమె ఇంటి మెట్ల మీద కూర్చుని, "మా బాపు అసొంటోడు కాదక్కా" అన్న ఒక్క మాటే పదిసార్లు అన్నది.

కోరుట్ల స్టేషన్‌లో ప్రవళికకు దొరికింది అరగంట. అందులో పది నిమిషాలు అప్పుడే అయిపోయాయి.

"ఏసన్నా, ఆ కెమెరా ఎక్కడ కొన్నవ్?" అని అడిగింది.

ఈ ప్రశ్న వస్తుందని అతను అనుకోలేదు. మొదటిసారి ముఖం ఎత్తాడు.

"దుబాయ్‌ల. వాపస్ వచ్చేముందు. పదకొండేండ్లు అక్కడ డ్రైవర్ పని చేసిన బిడ్డా. మా రూములోడొకడు, వానిది తప్పు లేకున్నా, ముందు బండోడు అబద్ధం చెప్తే ఆరు నెలలు జైల్ల ఉన్నడు. గప్పుడే అనుకున్న, నా బండికి ఒక కన్ను ఉండాలె అని."

"దుకాణంల ఎన్ని చూపించిండ్రు?"

"మూడు. ఒకటి కొరియాది. దాంట్ల జీపీఎస్ ఉన్నది, స్పీడు గూడ రాసుకుంటది. నా స్పీడు నా మీదనే సాక్ష్యం చెప్తదని వద్దన్న." అతని పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది. "ఇంకొకదానికి రెండు కండ్లు. ఒకటి తొవ్వ చూస్తది, ఒకటి బండి లోపట చూస్తది. ప్యాసింజర్లు ఒప్పుకోరు గదా. అందుకే మూడోది తీస్కున్న. ముంగట తొవ్వ తప్ప ఏం చూడదు. బండి లోపటిది ఏం రాదు."

చివరి మాట అతను రెండుసార్లు అన్నాడు. ప్రవళిక అది చెవిన వేసుకుంది గాని, ఎందుకన్నాడో అప్పుడు ఆలోచించలేదు.

"మోరీ దాటేటప్పుడు అక్కడ ఎవరైనా ఉన్నరా?"

"ఎవ్వలు లేరు. తొవ్వంత ఖాళీ."

ఆ జవాబు కాస్త తొందరగా వచ్చింది.

ప్రవళిక లేచి బల్ల మీది కెమెరా అందుకుంది. అగ్గిపెట్టె కంటె కొంచెం పెద్దది. మీట నొక్కితే చిన్న తెర వెలిగింది. దాని మీద 2009, జనవరి ఒకటి, సున్నా గంటల ఏడు నిమిషాలు.

"సార్, దీని గడియారం ఎందుకిట్ల అయింది?"

లింబాద్రి ముఖం చిట్లించాడు. "మావోడు చిప్పు తీసుకుంట బ్యాటరీ గూడ ఊడదీసిండు. దాందేముంది?"

"దాందే ఉన్నది సార్. బ్యాటరీ తియ్యకుంటే మీ గోడ గడియారం పక్కన దీన్ని పెట్టి, టైము సరిగ్గ ఉన్నదా లేదా ఒక్క నిమిషంల తేల్చేదాన్ని. ఇప్పుడు ఒకటీ నాలుగు నిజంగ ఒకటీ నాలుగేనా అని మీరు చెప్పలేరు, నేను చెప్పలేను."

"మేడం." లింబాద్రి కుర్చీ వెనక్కి జరిపి నిలబడ్డాడు. "ఇరవై రోజులాయె తెలంగాణ సమ్మె మొదలై. నా స్టేషన్ల సగం మంది రాస్తారోకోల కాడ, సగం మంది డిపో కాడ. నిద్ర లేదు. టవేరా ముంగట ఎడమ బంపర్ పలిగింది. రెండున్నరకు టవేరా పోంగ చూసిన అని మొండయ్య అనే రైతు చెప్పిండు. మీకు పెళ్ళి క్యాసెట్లు తెలుస్తయి, నాకు ఖూనీలు తెలుస్తయి."

"మూడు రోజులైంది సార్, మనిషిని కోర్టుల చూపలే. అది గూడ మీకు తెలుస్తది."

గదిలో ఉన్న కానిస్టేబుల్ గోడ వైపు తిరిగాడు. లింబాద్రి లాఠీ బల్ల మీద పడేశాడు.

"రేపు పొద్దున పదికి చూపుత. గప్పటిదాంక మీకు టైము. చిప్పు కాపీ తీస్కపొండ్రి. సాయంత్రం ఆరింటికి జగిత్యాలల బందోబస్తు ఉన్నది నాకు. మీ స్టూడియో ముంగటికెళ్ళే పోత. అప్పటికి చూపెట్టేది ఏమన్న ఉంటే చూపెట్టండ్రి."

*

కోరుట్ల బజార్లో దుబాయ్ సామాన్ల దుకాణం ఐలయ్య షట్టర్ సగం దించి కూర్చున్నాడు. సమ్మె రోజుల్లో దుకాణం తెరిచినట్టూ ఉండాలి, మూసినట్టూ ఉండాలి. వంగి లోపలికి దూరిన ప్రవళిక, దీవెనల ముందు అతను మూడు కెమెరాలు పెట్టాడు.

"ఏసన్నది గీ రకం." అతను మూడోదాన్ని ముందుకు తోశాడు. "మంచిదే గాని, దీని గుణాలు దీనికున్నయి. మూడు నిమిషాలకొక ఫైలు రాస్తది. చిప్పు నిండితే పాతది తుడిచి కొత్తది రాస్కుంటది. బండికి కుదుపు తాకితే మాత్రం ఆ ఫైలుకు తాళమేస్తది. తాళం పడ్డది తుడువది. ఇంజను ఆగితే ఇది గూడ ఆగుతది."

"నంబర్ ప్లేటు చదువస్తదా?"

"ఎండల, దగ్గరికెళ్ళి అయితే వస్తది. దూరముంటే రాదు. కన్ను వెడల్పు ఎక్కువ గదా, రోడ్డు రెండు దిక్కులా కనవడ్తది గాని, అంచులకు పొయ్యే వరకు మనిషి విల్లు లెక్క వంగిపోతడు."

"అందుల ఏది తీస్కుంటే మంచిది కాకా? నీ బండి అయితే?"

ఐలయ్య సంకోచించకుండా జీపీఎస్ ఉన్నదాన్ని తట్టాడు. "ఇదే. దీనికి టైము పైకెళ్ళి వస్తది, శాటిలైట్ నుంచి. మనిషి చెయ్యి పెట్టేదే లేదు. తక్కినయి మనం ఎంత పెడితే అంతే. ఎవలన్న పెట్టేదాంక మారయి. ఏసన్నదాంట్ల ఇంకో లోపమేందంటే, స్పీకర్ లేదు. చూసుడే గాని ఇనుడు లేదు. మైకు మాత్రం ఉన్నది. కంప్యూటర్ల ఏస్తే ఇనవస్తది, అది గూడ ఇంజను మోతల సగం మునుగుతది."

ప్రవళిక వింటూనే అతని తల వెనక గోడను చూస్తోంది. అక్కడ రెండు గడియారాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పదకొండున్నర చూపుతోంది. రెండోది పది.

"గదేంది కాకా, ఒకటి ఆగిపోయిందా?"

"ఆగలే. అది దుబాయ్ టైము. కొడుకులకు, మొగండ్లకు ఫోన్ చేసేటోళ్ళు అడుగుతరని పెట్టిన. మన కంటె గంటన్నర ఎనుక."

దీవెన చెయ్యి పట్టుకుని ప్రవళిక షట్టర్ కింది నుంచి బయటికి వచ్చింది. ల్యాప్‌టాప్ వ్యాన్ బానెట్ మీద పెట్టి, శుక్రవారం ఫైళ్ళు మొదటి నుంచి నడిపించింది. పన్నెండు ఇరవైకి రుద్రంగి. రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు, పెద్ద గంజులు. సమ్మె వంటా వార్పు. జనం బంతిగా కూర్చుని తింటున్నారు. ఏసయ్య బండి అక్కడే ఆగింది, కెమెరా ఆగింది. మళ్ళీ పన్నెండు యాభై ఎనిమిదికి మొదలైంది. ఆరు నిమిషాల తర్వాత మోరీ.

"తిననీకి ఆగిండు బాపు," అంది దీవెన.

"ఆగిండు. కాని పన్నెండు ఇరవైకే అన్నం పెట్టిండ్రా? పదా, అడుగుదాం."

*

రుద్రంగిలో ఆ రోజు గంజు దించిన మనిషి బాలవ్వ. కూలి పనికి పోయే మనిషి, గట్టి చేతులు. ల్యాప్‌టాప్‌లో తనను తాను చూసుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అగో, నేనే. గిట్ల ఎప్పుడు తీసిండ్రు బిడ్డా?"

"అవ్వా, గీ బంతి కూసున్నప్పుడు టైము ఎంతయి ఉంటది?"

"నాకు గడియారం చూసుడు రాదు బిడ్డా."

ప్రవళిక చిత్రాన్ని ఆపి వేలితో చూపించింది. "ఇది మొదటి బంతేనా?"

"కాదు కాదు. ఇది మూడోది. గీ టోపీలోళ్ళను చూడు, గీళ్ళు జుమ్మా నమాజు చదువుకొని వచ్చినోళ్ళు. 'మేం గూడ తెలంగాణోళ్ళమే అవ్వా, మాకు పెట్టవా' అని నవ్విండ్రు. నేను కావాలని గంజుల అడుగుది తీసి పెట్టిన."

నమాజు అయి వచ్చినవాళ్ళు. ప్రవళిక మసీదు దాకా నడిచింది. తలుపు పక్కన పలక మీద సుద్దతో రాసి ఉంది. శుక్రవారం నమాజు ఒకటీ పదిహేను. లోపలున్న పెద్దమనిషి చెప్పాడు, ప్రసంగం కూడా అయి జనం లేచేసరికి ఎప్పుడైనా ఒకటీ ముప్పావు దాటుతుందని.

కెమెరాలో పన్నెండు ఇరవై. నిజానికి ఒకటీ యాభై.

గంటన్నర.

దుబాయ్‌లో కొన్న రోజు ఏసయ్య పెట్టిన గడియారాన్ని ఎవరూ మార్చలేదు. ఏడాదిగా ఆ చిన్న పెట్టె ఇక్కడి రోడ్ల మీద తిరుగుతూ అక్కడి టైమే రాసుకుంటూ వచ్చింది.

దీవెన వేళ్ళ మీద లెక్క వేసింది. ఒకటీ నాలుగుకు గంటన్నర కలిపింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"అంటే బాపు మోరీ దాటింది రెండు ముప్పై నాలుగుకా? సచ్చిపోయింది రెండు ముప్పై ఆరుకు గదా అక్కా! ఒకటీ నాలుగు అని ఉంటేనే బాపు బతికేది. గిది నువ్వు ఎందుకు తీసినవక్కా?"

ప్రవళిక ల్యాప్‌టాప్ మూసింది. వ్యాన్ ఎక్కి మోరీ దాకా నడిపింది.

మోరీకి రెండు వైపులా నడుమెత్తు గోడ. ఎడమ గోడ పక్కన నేల మీద పోలీసులు గీసిన సున్నపు గీతలు ఇంకా చెరిగిపోలేదు. స్కూటర్ పడిన చోట గడ్డి నలిగి ఉంది. గోడ చివర నుంచి ఒక బండి బాట మెట్ట చెలకల్లోకి పోతుంది. ఆ బాటలో కొంత లోపల, రోడ్డుకు కనబడని చోట వెడల్పాటి టైర్ల అచ్చులు, ఒక పక్క లోతుగా. బరువైన బండి ఏదో చాలాసేపు ఆగి, ఒక్కసారిగా రోడ్డెక్కిన గుర్తులు. ప్రవళిక జానతో కొలిచింది. ఏసయ్య టవేరా టైరు ఇంత వెడల్పు కాదు.

సిరిసిల్లకు ఫోన్ చేసింది. ప్రేమ్‌కుమార్ భార్య కల్యాణి ఎత్తింది.

"రెండు ముప్పై ఒకటికి చేసిండు మేడం. నా ఫోన్ల ఉన్నది. మోరీ గోడకు కూసున్న, నడుం నొస్తున్నది అన్నడు. బస్సులు లేవు గదా, అంత దూరం స్కూటర్ మీద. అయిదు నిమిషాలు మాట్లాడినం. 'ఎవలో బండి ఆపుతున్నరు, మల్ల చేస్త' అన్నడు. గంతే." ఆయన ఎందుకు బయల్దేరాడో ఆమే చెప్పింది. "తంగళ్ళపల్లిల నూలుకు గంజి పట్టే సైజింగ్ల బాయిలర్ పేలి ఇద్దరు కాలి సచ్చిపోయిండ్రు గదా. ఆవిరి పోయే మూతిని తీగతోని కట్టేసింది ఆయన కండ్లార చూసిండు. కోరుట్లల వకీలు కాడ అది రాసియ్యనీకి పోతుండె."

"సైజింగ్ ఎవరిది?"

"గోవర్ధన్ సేటుది."

ప్రవళిక మోరీ గోడ మీద ల్యాప్‌టాప్ పెట్టింది. ఒకటీ నాలుగు ఫైలును ఒక్కో బొమ్మ చొప్పున ముందుకు జరపసాగింది. పెళ్ళి వీడియోలో తాళి కట్టే క్షణాన్ని వెతికిన కళ్ళు అవి. వందల బొమ్మల తర్వాత, తెరకు ఎడమ అంచున గోడ విల్లులా వంగిన చోట, స్కూటర్ హ్యాండిల్ కనిపించింది. దాని పక్కన తెల్ల చొక్కా. మోచేయి మడిచి, చెవికి ఆనించిన చెయ్యి.

మూడే మూడు బొమ్మలు. తర్వాత ఖాళీ రోడ్డు.

"దీవెనా, ఇటు రా." ఆమె తెరను అటు తిప్పింది. "చూడు. ఇగో ప్రేమ్‌కుమార్. ఫోన్ మాట్లాడుతున్నడు. బతికున్నడు. మీ బాపు బండి ఆయనను దాటిపోయింది. ఇప్పుడు దీని తర్వాతి ఫైలు చూడు. దాని తర్వాతిది. కత్తలాపూర్. కోరుట్ల. ముప్పై ఆరు నిమిషాలు ఎక్కడ తెగలే, ఎక్కడ ఆగలే, ఎనుకకు తిరుగలే. రెండు ముప్పై ఆరుకు మీ బాపు మోరీ దాటి రెండు కిలోమీటర్లు ముంగట ఉన్నడు. సీఐ లెక్క నడిచింది ఆ ఒకటీ నాలుగు మీదనే. అది తప్పయితే ఆయన కేసే లేదు."

"మరి బంపర్?"

"తాళం పడ్డ ఫైలు ఉన్నది. ఇరవై ఎనిమిదో తారీకు, మెట్‌పల్లి రాస్తారోకో కాడ ఎవలో డ్రమ్ము దొర్లించిండ్రు. అది వచ్చి ఎడమ దిక్కు తాకుడు సాఫ్ కనవడ్తది. కెమెరా పాతయన్నీ తుడిచినా దాన్ని మాత్రం తుడువలే."

దీవెన నేల మీద కూలబడి ఏడ్చింది. ప్రవళిక ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కాని ఆమె కళ్ళు ఆ మూడు బొమ్మల మీదే ఉన్నాయి. డ్రైవర్ సీట్లో కూర్చున్న మనిషికి ఆ గోడ, ఆ స్కూటర్ కెమెరా కంటె బాగా కనిపిస్తాయి. మరి ఏసయ్య ఎవరూ లేరని ఎందుకన్నాడు?

*

జగిత్యాలలో స్టూడియో మెట్లెక్కి లింబాద్రి వచ్చేసరికి అయిదున్నర. కరెంటు లేదు. బొగ్గు బావులు కూడా సమ్మెలో ఉన్నాయి. కోత ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ చెప్పలేని రోజులు. కిటికీ వెలుతురులో, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ప్రవళిక అంతా చూపించింది. పలక మీది నమాజు టైము ఫోటో. టోపీల బంతి. మూడు బొమ్మలు. ముప్పై ఆరు నిమిషాల రోడ్డు. డ్రమ్ము.

లింబాద్రి నిలబడే చూశాడు. మధ్యలో రెండుసార్లు అడ్డం తగిలాడు.

"నమాజు ఆ రోజు తొందరగ అయి ఉంటే?"

"గంటన్నర తొందరగ అయితదా సార్?"

ఇంకోసారి, "ఫైళ్ళు ఎవలన్న అతికి ఉంటే?"

"అతికితే నేను పట్టుకుంట. పెళ్ళి క్యాసెట్లు చేసిన చెయ్యి గదా."

ఆ మాటకు అతను తల తిప్పి ఆమె వైపు చూశాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టి, మొదటిసారి కూర్చున్నాడు. ఆ మనిషిలో అలసట అప్పుడు కనిపించింది.

"కల్యాణి ఫోన్ టైము నేను గూడ చూసిన. కాల్ లిస్టుకు రాసిన, సమ్మెల ఇంకా రాలే." టోపీని బల్ల మీద ఒకసారి తిప్పాడు. "నాది తప్పయింది మేడం. బ్యాటరీ ముచ్చట గూడ."

ప్రవళికకు ఆ మాట తియ్యగా తగిలింది. అయిదేళ్ళుగా ఈ స్టేషన్లన్నీ ఆమెను నవ్వుతూ చూశాయి. ఏసయ్య చెప్పిన అబద్ధం ఒకటి ఇంకా తేలలేదని ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

లింబాద్రి ఫోన్ తీసి స్టేషన్‌కు కలిపాడు. "రైటర్, ఏసయ్యను ఇంటికి పంపు. ఆ, ఇప్పుడే. సంతకం తీస్కో, చాలు."

దీవెన రెండు చేతులూ జోడించింది. లింబాద్రి వద్దన్నట్టు తల ఊపి టోపీ అందుకున్నాడు. అంతలో గదిలో ట్యూబ్‌లైట్ రెండుసార్లు మినుకుమని వెలిగింది. ఫ్యాన్ తిరిగింది. మూలనున్న మిక్సింగ్ బల్ల మీద ఎర్ర లైట్లు వరసగా లేచాయి.

"ఒక్క నిమిషం ఆగండ్రి సార్," అంది ప్రవళిక. "దీంట్ల మైకు ఉన్నది. ల్యాప్‌టాప్‌ల ఇంటే పాటలు, గాలి తప్ప ఏం ఇనరాలే. ఇక్కడ పెద్ద స్పీకర్లున్నయి. మోరీ కాడ ఎనుక నుంచి ఏ బండి మోతన్న పడ్డదేమో చూద్దాం."

ఆమె ఒకటీ నాలుగు ఫైలు ఎక్కించింది. ముందు గది నిండా ఇంజను మోత. ఒక మీట కిందికి లాగితే ఇంజను లోతుకు పోయింది. ఇంకొకటి లాగితే కిటికీ గాలి తగ్గింది. టవేరాలో మోగుతున్న ఉద్యమ పాట, డప్పు వినిపించాయి. పాట సన్నబడింది. ఎవరో దాన్ని తగ్గించారు. ఫోన్ రింగు.

"చెప్పు సేటూ." ఏసయ్య గొంతు.

ఫోన్ స్పీకర్ మీద ఉంది. అవతలి గొంతు మెల్లగా, ఏ తొందరా లేకుండా వచ్చింది. "ఎక్కడిదాంక వచ్చినవ్?"

"రుద్రంగి దాటిన. మోరీ కాడికి వస్తున్న."

"స్కూటర్ కనవడ్డదా?"

కొద్దిసేపు ఇంజను మోత ఒక్కటే.

"ఆ. మోరీ గోడకు కూసున్నడు. ఫోన్ మాట్లాడుతున్నడు."

"ఒక్కడేనా?"

"ఒక్కడే. సేటూ, మాట్లాడనీకే గదా? వట్టిగ మాట్లాడుతనంటివి..."

"నువ్వు ఆగకు. సక్కగ పో."

పాట మళ్ళీ పెరిగింది. ప్రవళిక చెయ్యి మీట మీదే ఉండిపోయింది. బండి లోపలిది ఏం రాదు అని ఏసయ్య రెండుసార్లు అన్నాడు. ఆ చిన్న పెట్టెకు గొంతు లేదు. అందుకే దానికి చెవులుంటాయని అతనికి తెలియలేదు. గడియారం తప్పని మాత్రం తెలుసు. ఆ ఒకటీ నాలుగు తనను కాపాడుతుందనే పోలీసులకు ఆ సంగతి చెప్పలేదు.

దీవెన గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవలేదు. "బాపు చెప్పిండు," అంది, ఎవరికో వేరేవాళ్ళకు చెబుతున్నట్టు. "ఆయన ఎక్కడున్నడో మా బాపే చెప్పిండు."

లింబాద్రి అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "రైటర్, ఏసయ్యను పంపకు. ఏంది? ఎప్పుడు? ఎవలతోని?" అతను వింటూ కళ్ళు మూసుకున్నాడు. ఫోన్ దించాడు. "అయిదు నిమిషాలాయె పోయి. గేటు కాడ తెల్ల బొలెరో ఆగి ఉన్నదట. మధ్యాహ్నం నుంచి అక్కడనే ఉన్నదట. సిరిసిల్ల నుంచి సుట్టాలం, ఇంటికి తీస్కపోతం అన్నరట."

"సిరిసిల్లల మాకు సుట్టాలు ఎవ్వలు లేరు," అంది దీవెన.

మోరీ పక్క బాటలో చూసిన వెడల్పాటి టైరు అచ్చులు ప్రవళిక కళ్ళ ముందు కదిలాయి. ఏసయ్య స్టేషన్‌లో ఉన్నంతసేపు ఎవరూ అతన్ని ముట్టలేకపోయారు. అతన్ని బయటికి తెచ్చింది ఎవరు? తనే.

"బాపు ఫోన్?" అని అడిగింది.

"పంపేటప్పుడు స్టేషన్ల వాపస్ ఇచ్చి ఉంటరు. ఆయన దగ్గర్నే ఉన్నది." దీవెన నంబర్ నొక్కింది. ప్రవళిక ఫోన్‌ను స్పీకర్ మీద పెట్టింది. నాలుగో రింగుకు ఎత్తారు.

"బాపూ?"

"బాపు కాదు బిడ్డా. నేను మీ బాపు దోస్తును." మెల్లగా, ఏ తొందరా లేకుండా. లింబాద్రి, ప్రవళిక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అదే గొంతు. "మూడు రోజులు నిద్ర లేదు గదా, ఎనుక సీట్ల పండుకున్నడు. మంచిగనే ఉన్నడు. ఒక్క ముచ్చట చెప్పు. కెమెరాల చిప్పు కాపీ ఎవలో ఒక ఆమె తీస్కపోయిందట. అది ఎక్కడున్నది?"

లింబాద్రి చడీచప్పుడు లేకుండా తలుపు దాటి, మెట్ల మీద పరుగందుకున్నాడు. కింద జీపు స్టార్ట్ అయింది. మాట్లాడిస్తూ ఉండమని ప్రవళిక చేత్తో సైగ చేసింది. దీవెన ఫోన్ దగ్గరికి వంగింది. తండ్రి చేసింది విని పది నిమిషాలు కూడా కాలేదు. అయినా ఆమె గొంతు నిలబడింది.

"నా దగ్గర్నే ఉన్నది. ఎవ్వలకు చూపలే. ఎక్కడికి తేవాలె చెప్పు సేటూ, నేనే తెస్త."

అవతల మాట ఆగిపోయింది. బొలెరో ఇంజను మోత, రోడ్డు మీద టైర్ల చప్పుడు. తర్వాత బ్రేకు. బండి ఆగింది.

"నేను సేటునని," అంది ఆ గొంతు, "నీకు ఎవలు చెప్పిండ్రు బిడ్డా?"